పదకొండు బటన్లు, ఒక లోలకం

ఆ సైన్స్ మ్యూజియంలో మేం గడిపింది నాలుగు గంటలు. అందులో పనికొచ్చింది ఇరవై అయిదు నిమిషాలు. ప్రయాణం, బస బాగానే జరిగాయి. నా కోపమంతా కింది అంతస్తు మీదే.

అక్కడన్నీ అద్దాల పెట్టెలు, వాటికి బటన్లు. నొక్కితే లైటు వెలుగుతుంది, చక్రం తిరుగుతుంది, అంతే. అక్క కొడుకు, కూతురు ఇద్దరూ నాలుగు నిమిషాల్లో పదకొండు నొక్కేశారు. మూడు పనిచేయలేదు. చెడిపోయిందని కాగితం ముక్కైనా అంటించలేదు. తను సరిగ్గా నొక్కలేదేమో అనుకుని మావాడు ఇంకా గట్టిగా గుద్దాడు, సిబ్బందిలో ఒకాయన వచ్చి కసిరాడు. మెట్లెక్కుతూ ఏం చూశారర్రా అని అడిగితే "లైట్లు" అన్నారు. నొక్కగానే జవాబు వచ్చేస్తే పిల్లలు ఆలోచించడానికి ఏం మిగులుతుంది?

పైన ఒక బరువైన ఇనుప లోలకం వేలాడుతోంది. పక్కనే దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. దాన్ని అంటించి లాగుతూ లోలకాన్ని ఊపాలి. బావగారు బోర్డు చదివేసి, కొడుక్కి అనునాదం గురించి మొదలుపెట్టారు. వాడు మూడో వాక్యానికే జారుకున్నాడు. (మ్యూజియాల్లో తల్లిదండ్రులు అమ్మాయిలకంటే అబ్బాయిలకే మూడు రెట్లు ఎక్కువగా వివరిస్తున్నారని 2001లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. బావగారికి చెప్తే నవ్వేశారు.)

పాపకి ఎవరూ ఏమీ చెప్పలేదు. దారం పట్టుకుని గట్టిగా లాగింది, అయస్కాంతం ఊడొచ్చింది. అంటించింది, మళ్లీ ఊడింది. ఆరేడుసార్లయ్యాక విసుగొచ్చి ఊరికే వేలితో కాస్త లాగింది. లోలకం వెంట్రుకవాసి కదిలింది. అంతే, పాప నోరు మూసుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది. తనవైపు వస్తున్నప్పుడు కొంచెం లాగడం, వెనక్కి పోతున్నప్పుడు దారం వదులు చేయడం. కాసేపటికి అంత బరువూ జానెడు మేర ఊగుతోంది.

"పిన్నీ, ఉయ్యాల ఊపినట్టే! టైము చూసి లాగాలి."

అనునాదమంటే అదేనని బావగారు అనబోతుంటే కళ్లతోనే ఆపాను.

ఇలా చేత్తో తేల్చుకునే ప్రదర్శనలకు పేరుపడ్డది శాన్ ఫ్రాన్సిస్కోలోని సైన్స్ మ్యూజియం, ఎక్స్‌ప్లొరేటోరియం. 1969లో దాన్ని స్థాపించిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అణుబాంబు తయారీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త, తర్వాత హైస్కూల్లో పాఠాలు చెప్పినవాడు. పిల్లలకు ఎక్కడ విసుగొస్తుందో అలాంటివాళ్లకు తెలుస్తుంది. మేం వెళ్లిన చోట బోర్డులు రాసినవాళ్లకు మాత్రం తెలిసినట్టు లేదు. చీమల్లాంటి అక్షరాలు, అవీ పెద్దవాళ్ల ఛాతీ ఎత్తులో.

నా సలహా అడిగితే, అన్ని అంతస్తులూ తిరగొద్దు. రెండే ఎంచుకోండి, ఒక్కోదాని దగ్గర అరగంట కూర్చోండి. బోర్డు చివర్లో చదవండి. స్కూలు పిల్లల గుంపు వస్తే పక్కకు తప్పుకోండి, ఆ తోపులాటలో ఎవరి చేతికీ దారం అందదు.

కాళ్లు లాగుతున్నాయని అక్క బెంచీ వదల్లేదు. ఇంకో రెండు అంతస్తులున్నాయని బావగారు రెండుసార్లు గుర్తుచేశారు. ఈలోగా మావాడు తిరిగొచ్చి దారం లాక్కోబోయాడు. పాప వాడి మణికట్టు పట్టుకుంది.

"ఆగు... ఆగు... ఊఁ, ఇప్పుడు."