ఇల్లు గుత్తకివ్వాలా, లేబర్ కాంట్రాక్టా, కొలతల లెక్కా? ఏది మేలు

కడపలో స్థలం కొన్న ప్రతివాళ్లూ ఇప్పుడు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. మెటీరియల్‌తో కలిపి అడుగుకింత అని గుత్తకిచ్చేద్దామా, లేక మెటీరియల్ మేమే తెచ్చుకుని లేబర్ కాంట్రాక్ట్ ఇద్దామా? రెండు రేట్లు కాగితం మీద రాసుకొచ్చి ఏది తక్కువ పడుతుందో చెప్పమంటారు. నన్నడిగితే రేటు చూసి తేల్చుకునే విషయం కాదిది. సైట్ల మీద నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం "అది మన మాటల్లో లేదు కదన్నా" అన్న చోటే మొదలయ్యాయి. ఏ పని ఒప్పందంలో ఉంది, ఏది లేదు, అనుకున్నదానికంటే పని పెరిగితే ఆ ఖర్చు ఎవరిది? ఈ మూడింటికి ఏ పద్ధతిలో స్పష్టమైన జవాబు దొరుకుతుందో చూసి ఎంచుకోండి.

మెటీరియల్‌తో కలిపి గుత్తకివ్వడం చూడ్డానికి హాయిగా ఉంటుంది. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌లో పని చేసుకుంటూ ఇక్కడ ఇల్లు కట్టించుకునేవాళ్లు చాలామంది, బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ అంతే. సిమెంట్ ఎప్పుడొచ్చింది, ఇసుక ఎవరు దింపారు అని రోజూ చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే ఇదే దారి, కాదనను. అయితే కాంట్రాక్టరు చెప్పే అడుగు రేటు ఆయన మనసులో ఉన్న ఇంటికి, మీ మనసులో ఉన్న ఇంటికి కాదు. అగ్రిమెంట్లో "మంచి కంపెనీ సిమెంట్, మంచి స్టీల్, మంచి టైల్స్" అని రాస్తే ఏమీ రాయనట్టే. సిమెంట్ ఏ కంపెనీ, స్టీల్ ఏ కంపెనీ, రాడ్డు గ్రేడు ఎఫ్ఈ 500డీనా 550నా, స్లాబుకు ఎం20 గ్రేడు కాంక్రీటా ఇంకా పైదా, టైల్స్ షాపు ధర అడుగుకు ఎంత దాకా ఆయన భరిస్తాడు, మెయిన్ డోర్ ఏ కట్టె, బాత్రూమ్ కుళాయిలు ఏ కంపెనీ, ఒక్కో గదికి ఎన్ని కరెంటు పాయింట్లు అన్నంత వివరంగా రాయాలి. అలా రాసుకున్న గుత్త కాంట్రాక్టులు సజావుగా పూర్తయినవి చూశాను. ఒక్క పేజీ అగ్రిమెంటుతో సగంలో ఆగిపోయినవీ చూశాను.

లేబర్ కాంట్రాక్ట్ మన దగ్గర ఎక్కువమంది వెళ్లే దారి. కారణం కూడా ఉంది. చుట్టూ మెటీరియల్ ఉన్న ప్రాంతం మనది. యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, బండలకు కడప, బేతంచెర్ల, తాడిపత్రి ఉన్నాయి, ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ (థర్మల్ కరెంటు కేంద్రం) బూడిదతో చేసే ఇటుకలున్నాయి. ఇసుక 2024 జూలై నుంచి ఉచితం, లోడింగు, రవాణా ఖర్చులే మనవి. ఇన్ని దగ్గరున్నప్పుడు మనమే కొంటే నాణ్యత మన చేతిలో ఉంటుందని అందరూ అనుకుంటారు, అది నిజమే. కానీ మెటీరియల్ మీదైనంత మాత్రాన పని హద్దు తేలిపోదు. స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగు రేకులు, పోట్లు మేస్త్రీవేనా? సిమెంట్ దింపే కూలి ఎవరిది? సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, ప్రహరీ, అటకలు, వంటింటి గట్టు, ముందు ఎలివేషన్ గీతలు, ఇవన్నీ ఆ అడుగు రేటులో ఉన్నాయా లేవా? అన్నిటికంటే ముందు, నీళ్లు ఎవరు కొడతారు? మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు. వేడిగా పొడిగా ఉండే చోటైనా, బూడిద కలిసిన పీపీసీ సిమెంట్ వాడినా కనీసం పది రోజులు క్యూరింగ్ చేయాలని, అంటే కాంక్రీటును తడిగా ఉంచాలని, కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మేస్త్రీ పొద్దునొకసారి పైపు పట్టి వెళ్లిపోతాడు, ఓనరు మేస్త్రీ చూసుకుంటాడనుకుంటాడు, మధ్యలో మే నెల ఎండకు స్లాబు సన్నగా బీటలిస్తుంది.

అసలు అడుగు అంటే ఏ అడుగు? మూడు సెంట్లలో 25 అడుగులు, 36 అడుగుల కొలతతో ఇల్లు అనుకుందాం. గోడల బయటి కొలత ప్రకారం 900 చదరపు అడుగులు. ముందు నాలుగడుగులు స్లాబు బయటికి తీస్తే ఇంకో 100. మెట్ల మీద హెడ్‌రూమ్ 8కి 14 వేస్తే 112. ఓనరు 900కి లెక్కేసుకుని డబ్బు సర్దుకుంటాడు, మేస్త్రీ 1112కి బిల్లు పెడతాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, ఒకరు ప్లింత్ ఏరియా (గోడల బయటి కొలత) అనుకున్నారు, ఇంకొకరు స్లాబు ఏరియా (పడిన స్లాబు మొత్తం) అనుకున్నారు. తేడా 212 అడుగులు, అంటే రేటు ఎంతైనా సరే బిల్లు 23 శాతం పైనే పెరిగింది. రేటులో పది రూపాయలు తగ్గించడానికి మూడు సాయంత్రాలు బేరమాడేవాళ్లు ఈ ఒక్క మాట అడగరు. స్లాబు ఏరియా అయితే స్లాబు ఏరియా అనే రాసుకోండి, సజ్జలు, బాల్కనీ, హెడ్‌రూమ్ పూర్తిగా లెక్కా, సగం లెక్కా అన్నదీ రాసుకోండి.

ఇక నా దృష్టిలో అసలు తేల్చాల్సింది భూమి లోపల ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, నంద్యాల వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గట్టి నేల ఎంత లోతులో ఉందో తవ్వితేగానీ తెలియదు. లోతైన నల్లరేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున లావుగా ఉండేలా భూమిలోకి పోసే కాంక్రీటు స్తంభాలు) వేస్తే కనీసం 3.5 మీటర్లు దిగాలని ఐఎస్ 2911 చెబుతుంది, అంటే పదకొండున్నర అడుగులు. అనంతపురం చుట్టుపక్కలకు వెళ్తే దీనికి తలకిందులు, మూడు నాలుగు అడుగులకే గట్టి మొరం లేదా బండ తగిలే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ లోతు తగ్గుతుంది కానీ బ్రేకర్ పెట్టి కొట్టాల్సి వస్తుంది. రెండు చోట్లా మొదట చెప్పిన లెక్క నిలవదు.

అంకెల్లో చూద్దాం. పన్నెండు పిల్లర్ల ఇల్లు, ఒక్కో గుంత 5 అడుగులకు 5 అడుగులు, లోతు 5 అనుకున్నారు. తవ్వకం 1500 ఘనపుటడుగులు. ఐదడుగుల దగ్గర ఇంకా మెత్తటి నల్లమట్టే ఉంది, ఎనిమిదికి దిగారు. తవ్వకం 2400 అయింది. ప్రతి పిల్లరూ మూడడుగులు పెరిగింది, మొత్తం 36 అడుగుల పిల్లరు. 9కి 12 అంగుళాల పిల్లరైతే 27 ఘనపుటడుగుల కాంక్రీటు. ఆరేసి 12 ఎంఎం రాడ్లుంటే 216 అడుగుల రాడ్డు, సుమారు 58 కేజీలు, రింగులు దీనికి అదనం. గుంతలు పూడ్చడం వేరు. గుత్త కాంట్రాక్టులో ఇదంతా ఎవరు భరించాలి? కాంట్రాక్టరు మంచివాడైతే ఎక్స్‌ట్రా అడుగుతాడు, ఓనరు ముఖం చిన్నబుచ్చుకుంటాడు. నాకు భయం వేసేది రెండో రకంతో. ఎక్స్‌ట్రా అడగలేక, నష్టం భరించలేక, ఐదడుగుల దగ్గరే పీసీసీ (గుంత అడుగున పరిచే రాడ్డు లేని కాంక్రీటు) వేసేస్తాడు. మీరు కువైట్‌లో ఉంటారు. రెండు వానాకాలాలు గడిచాక గోడ మూలన ఏటవాలుగా బీట కనిపిస్తుంది. పునాదిలో మిగిలిన ఆ డబ్బు కంటే అప్పుడు మరమ్మత్తుకయ్యేది చాలా ఎక్కువ, అయినా పూర్తిగా సరికాదు.

మూడో పద్ధతి కొలతల లెక్క, అంటే పని పనికీ రేటు. తవ్వకం ఘనపుటడుగుకింత, అదీ మట్టికి ఒక రేటు, గట్టి మొరానికి ఒకటి, బండకు ఒకటి. రాడ్ బెండింగ్ కేజీకింత, తొమ్మిదంగుళాల గోడ ఘనపుటడుగుకింత, నాలుగున్నర గోడ, ప్లాస్టరింగు చదరపు అడుగుకింత. జరిగిన పనిని టేపుతో కొలిచి బిల్లు కడతారు. ప్రభుత్వ పనుల్లో అలవాటైన పద్ధతే, ఇళ్లకు మాత్రం మన ఊళ్లలో ఎవరూ అడగరు, కొలతలంటే భయం. నేర్చుకుంటే పెద్ద కష్టమేమీ లేదు. స్టీలు కొలవడానికి రాడ్డు మందాన్ని ఎంఎంలలో రాసి, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కేజీలో వస్తుంది, 12 ఎంఎంకు 0.888. గొడవ పడేది ఎక్కువగా ప్లాస్టరింగు దగ్గర. కిటికీ, తలుపు ఖాళీలు తీసేయాలా వద్దా? పనుల కొలతలకు ఉన్న ప్రమాణం ఐఎస్ 1200లో దీనికి పద్ధతి ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీకి ఏమీ తీసేయరు, దాని పైన 3 చదరపు మీటర్ల దాకా గోడకు ఒక పక్క మాత్రమే తీసేస్తారు, అంచుల ప్లాస్టరింగుకు వేరే లెక్క కట్టరు. అంతకు మించితే రెండు పక్కలా తీసేసి అంచులు కలుపుతారు. "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అని అగ్రిమెంట్లో ఒక్క లైను రాస్తే చివర్లో వచ్చే సగం టెన్షన్ పోతుంది. ఈ పద్ధతికి ఉన్న ఇబ్బంది ఒక్కటే, మొత్తం ఎంతవుతుందో ముందే కచ్చితంగా చెప్పలేరు. బ్యాంకు లోనుకు వెళ్లేవాళ్లకు అది ఇబ్బందే, ఇంజనీరుతో ఎస్టిమేట్ వేయించుకుని పది పదిహేను శాతం పక్కన పెట్టుకోవాలి.

నేనైతే మొత్తం ఇంటికి ఒకే పద్ధతి పెట్టను. బేస్‌మెంట్ దాకా, అంటే పునాది నుంచి ఇంటి నేల మట్టం వరకు, కొలతల లెక్క. బేస్‌మెంట్ పైనుంచి స్లాబు, ప్లాస్టరింగు దాకా లేబర్ కాంట్రాక్ట్, అడుగు లెక్క, పైన చెప్పిన జాబితాతో. ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, ఎలివేషన్ మళ్లీ వేరు వేరు రేట్లు. ఎందుకంటే బేస్‌మెంట్ పైన ఏం కట్టాలో డ్రాయింగులో కనిపిస్తుంది, కనిపించే పనికి ముందే ఖాయం చేసుకున్న అడుగు రేటు ఇద్దరికీ న్యాయం. కనిపించని పనికి అలా ముందే రేటు ఖాయం చేస్తే ఎవరో ఒకరు మోసపోక తప్పదు, మేస్త్రీ మోసపోయినా అది చివరికి మీ పునాదిలోనే తేలుతుంది. దూరంలో ఉన్నవాళ్లు గుత్తకిచ్చినా సరే, బేస్‌మెంట్ వరకు కొలతల లెక్క పెట్టుకోండి, గుంతల లోతు చూసి ఫొటో తీసి పంపడానికి కాంట్రాక్టరుకు సంబంధం లేని ఇంజనీరును ఒకరిని పెట్టుకోండి.

పద్ధతి ఏదైనా, పని మధ్యలో పెరగడం అన్నది ఓనరు నోటినుంచే ఎక్కువ మొదలవుతుంది. "ఎలాగూ కడుతున్నాం కదా, పైన ఒక గది కూడా వేసేస్తే పోలా?" ఈ మాట అనని ఇల్లు లేదు. గదితో పాటు పిల్లర్ల బరువు, మెట్లు, నీళ్ల ట్యాంకు, ప్లాను అనుమతి అన్నీ కదులుతాయని ఆ క్షణంలో గుర్తుకు రాదు. మన కె.సి. కెనాల్‌నే (కర్నూలు-కడప కాలువ) చూడండి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సాగుకూ పడవలకూ పనికొచ్చేలా చాలా పెద్ద ఆలోచనతో మొదలుపెట్టింది, డబ్బు చాలక సుంకేసుల నుంచి కడప దాకానే మిగిలింది, 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఉన్న డబ్బు పెద్ద ఆలోచన మీద పరుచుకుంటే చివరికి కోత పడక తప్పదు, ఇళ్లలో ఆ కోత పడేది ఎప్పుడూ వాటర్ ప్రూఫింగు మీదా, పిట్టగోడ మీదా, పెయింటు మీదా.

వాస్తు చూపించుకునేవాళ్లు ముగ్గు పోయకముందే, ప్లాను కాగితం మీదే చూపించుకోండి. లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) వేశాక ద్వారం జరపమంటే అది మార్పు కాదు, కూల్చి కట్టడం. అలాగే స్లాబు వేసే ముందే తేలిపోవాల్సినవి కొన్ని ఉన్నాయి: ఫ్యాను బాక్సులు, స్లాబులో పోయే కరెంటు పైపులు, పై అంతస్తు బాత్రూముల దగ్గర స్లాబు ఎంత కిందికి దించాలి. ఆ కాంక్రీటు పడ్డాక ఏది మార్చాలన్నా సుత్తి, ఉలి పట్టాల్సిందే. మార్పు తప్పదనుకుంటే పని మొదలుపెట్టకముందే ఏం పని, ఎంత కొలత, ఏం రేటు, ఎన్ని రోజులు ఆలస్యం అన్నది మేస్త్రీకి వాట్సాప్‌లో రాసి, ఆయన "సరే అన్నా" అని జవాబిచ్చాకే చేయించండి. నోటి మాట మీద చేయించిన ఎక్స్‌ట్రా పనికి చివర్లో ఇద్దరికీ రెండు లెక్కలు గుర్తుంటాయి.

రోజు కూలికి పెట్టుకోవడం మరమ్మత్తులకు, చిన్న గది వేసుకోవడానికి సరిపోతుంది, మొత్తం ఇంటికి వద్దు. ఖర్చు మీద శాతం తీసుకుని కట్టించేవాళ్లు ఉన్నారు, ఖర్చు పెరిగితే వాళ్ల శాతమూ పెరుగుతుంది, అంత నమ్మకం ఉన్న మనిషైతే ఆలోచించండి. బెంగళూరు, హైదరాబాదు నుంచి వచ్చే ప్యాకేజీ కంపెనీలు కూడా గుత్త కాంట్రాక్టు కిందికే వస్తాయి, కాకపోతే అగ్రిమెంటు పెద్దది, అందులో "ఇవి ప్యాకేజీలో లేవు" అన్న పేజీ ముందు చదవండి.

ఇప్పటికే గుత్తకిచ్చేసి పని మొదలైపోయినవాళ్లు నాకు ఎక్కువగా రాస్తున్నారు. బేస్‌మెంట్ దాటకపోతే ఇంకా సమయం ఉంది. పని ఆపక్కర్లేదు, ఒక ఆదివారం కాంట్రాక్టరుతో కూర్చుని ప్లాను ముందు పెట్టుకుని ప్రతి గదికీ ఏం వస్తుంది, ఇంటి బయట ఏం వస్తుంది అని రాయండి. "ఇది నాది కాదు" అని ఆయన అన్నవి వేరే కాగితం మీద రాసి, వాటికి రేట్లు అప్పుడే అడగండి. ఆ రోజు చెప్పే రేటు ఎప్పుడూ మర్యాదగా ఉంటుంది, స్లాబు పడ్డాక అడిగితే అలా ఉండదు. సంతకాలయ్యాక ఒక కాపీ సైట్లో మేస్త్రీ దగ్గర ఉంచండి, ఇంకోటి మీ దగ్గర పెట్టుకోండి. తర్వాతి బిల్లు కట్టే ముందు ఆ కాగితంలో ఎంత పని పూర్తయిందో టిక్ పెట్టుకుని అంతకే డబ్బివ్వండి.