ఎమోజీ పెట్టాలా, మాట రాయాలా?

శ్రమ: ఎమోజీకి ఒక్క నొక్కు చాలు. విజయవాడ బీసెంట్ రోడ్డు రద్దీలో చేతినిండా సంచులతో తెలుగు టైప్ చేయడం కష్టమే.

ఖర్చు: తేడా ఏమీ లేదు.

స్పష్టత: ఇక్కడ మాటదే పైచేయి. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రతి ఎమోజీకీ ఒక సంకేతం ఇస్తుంది, బొమ్మను మాత్రం ఒక్కో కంపెనీ తన తీరులో గీస్తుంది. నవ్వి నవ్వి కన్నీళ్లొచ్చే ముఖాన్ని ఏడుపనుకుని చావు కబురు కింద పెట్టే పెద్దవాళ్లున్నారు. పాపం, వాళ్ల మనసులో ఉన్నది నిజమైన బాధే. చూపులేని వాళ్ల ఫోన్ ఎమోజీ పేరును పైకి చదువుతుంది. వరసగా పది పూలు పెడితే ఆ పేరు పదిసార్లు వినాల్సి రావచ్చు.

రిస్క్: డబ్బు వ్యవహారంలో ఎమోజీ ప్రమాదం. కెనడాలో ఒక రైతు అవిసె గింజల ఒప్పందం ఫొటోకి బొటనవేలు ఎత్తిన ఎమోజీ పంపాడు. సరుకు ఇవ్వలేదు. అది అంగీకారమేనని 2023లో కోర్టు తేల్చింది, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు. అయినా గుంటూరు మిర్చి యార్డులో రేటు మాట్లాడేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. "చూశాను, రేపు చెప్తా" అని రాయడానికి ఎంతసేపు?

ఆప్యాయత: "సరే" అని ఒక్క మాట పంపితే కోపమేమో అని అవతల టెన్షన్. పక్కన చిరునవ్వు ముఖం ఉంటే ఆ అనుమానం రాదు.

స్నేహితులకు, "బయల్దేరా" లాంటి కబుర్లకు ఎమోజీ హాయి. రేటు, అప్పు, సెలవు, పరామర్శ అయితే మాటలే రాయండి. పెద్దమ్మకైతే ఫోన్ చేయండి.