వార్డులో యాక్టివిటీ ప్లానర్ యాప్: అంతా బాగానే ఉంది, ఆ స్ట్రీక్ తప్ప

ఆస్పత్రిలో వారాల తరబడి ఉండాల్సి వచ్చి మనసు కుంగిన పేషెంట్లకి ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా సాయపడే చికిత్సలో) భాగంగా మేం చాలాకాలంగా వాడుతున్నది మామూలు యాక్టివిటీ ప్లానర్ యాపే. పనులు రాసుకోవడం, టిక్ పెట్టడం, మూడ్ స్కోరు ఇవ్వడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఒక్క ఫీచర్ మీద మాత్రం నాకు చాలా కోపం ఉంది. అదే స్ట్రీక్.

వరుసగా ఎన్ని రోజులు పనులు పూర్తిచేశారో పెద్ద అంకెల్లో స్క్రీన్ పైన చూపిస్తుంది. ఒక్కరోజు తప్పితే అర్ధరాత్రి 12 దాటగానే సున్నా. ఆరోగ్యంగా తిరిగే వాళ్లకి ఇది హుషారిస్తుందేమో. వార్డులో మాత్రం రోజు పేషెంటు చేతిలో ఉండదు. స్కాన్‌కి పిలిస్తే సగం రోజు అక్కడే గడుస్తుంది. జ్వరం వస్తే లేవలేరు. ఒక్కోసారి రాసే చేతికే కాన్యులా (మందు, సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెడతారు. యాప్‌కి ఇవేవీ తెలియవు, ఎర్ర గుర్తు పెట్టేస్తుంది. అసలే 'నా వల్ల ఏమీ కాదు' అన్న మాట మనసులో నాటుకుపోయిన మనిషికి పొద్దున కళ్లు తెరవగానే ఆ మాటకే రుజువు చూపించినట్టవుతుంది. ఆ తర్వాత యాప్ ఉన్న టాబ్లెట్ కంప్యూటర్ ముట్టుకోవడమే మానేసేవాళ్లు ఉంటారు. సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దీన్ని ఆపే ఆప్షన్ లేదు.

ఉన్న దారి ఒకటే. ఏ పనికీ 'ప్రతిరోజూ' అని రిపీట్ పెట్టకూడదు. ఏ రోజు పనులు ఆ రోజు ఉదయం పేషెంటు పక్కన కూర్చుని ఎక్కించాలి. రిపీట్ లేని పనులకి యాప్ స్ట్రీక్ లెక్కపెట్టదు. మూడు పనులు చాలు: ఒకటి ఒంటి శుభ్రతకి సంబంధించినది, ఒకటి ఉపయోగపడేది, ఒకటి ఇష్టమైనది. 'స్నానం' అని రాస్తే కొండంత కనిపిస్తుంది. 'మంచం అంచున కూర్చోవడం', 'తడిగుడ్డతో ముఖం తుడుచుకోవడం', 'తల దువ్వుకోవడం' అని విడగొట్టి, వాటిలో ఒక్కటే ఆ రోజుకి ఇవ్వాలి. మధ్యలో టెస్టు పడితే పనిని డిలీట్ చేయకుండా మర్నాటికి జరిపి, నోట్స్‌లో కారణం ఒక్క ముక్క రాయాలి. డిలీట్ చేస్తే అది ఎందుకు ఆగిందో రికార్డులో మిగలదు.

అనుకోని మేలు స్కోర్ల దగ్గర కనిపించింది. పని మొదలుపెట్టే ముందు 'ఇది ఎంత బాగుంటుందనుకుంటున్నారు' అని 0 నుంచి 10 లోపు ఒక అంకె అడుగుతుంది, పూర్తయ్యాక 'ఎంత బాగుంది' అని ఇంకో అంకె. డిప్రెషన్‌లో ముందు వేసుకునే అంచనా తరచూ తక్కువే ఉంటుంది. 2 అనుకున్న పని 5 అవుతుంది. ఆ రెండూ గ్రాఫ్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. 'చేసి చూడండి, బాగుంటుంది' అని మనం ఎంత చెప్పినా ఎక్కనిది, తను వేసిన అంకె చూసుకుంటే ఎక్కుతుంది. తిరగబడే రోజులూ ఉంటాయి, 5 అనుకున్నది 1 అవుతుంది. అప్పుడు గ్రాఫ్ పక్కన పెట్టి నొప్పి ఎలా ఉంది, నిద్ర పట్టిందా, మందు ఏమైనా మారిందా అని అడగాలి.

ఇంట్లోవాళ్ల గొంతు రికార్డు చేసి రిమైండర్‌గా పెట్టుకోవడం అన్నిటికన్నా గొప్ప సదుపాయమని మొదట్లో చెప్పేవాళ్లం. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. నలుగురున్న గదిలో పక్క మంచం వాళ్ల నిద్ర చెడుతుంది, మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపుల అలారాల మధ్య సరిగా వినబడదు కూడా. డెలిరియం (జబ్బు వల్ల హఠాత్తుగా తెలివి గజిబిజి కావడం) ఉన్నవారికి మనిషి లేకుండా గొంతు మాత్రమే వినిపిస్తే అయోమయం ఇంకా పెరగొచ్చు. విడి గదిలో, తెలివి స్పష్టంగా ఉన్నవారికే పెడుతున్నాం.

చల్లబడిన, పొడిబారిన వేళ్లని టచ్‌స్క్రీన్ ఒక్కోసారి గుర్తించదు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటర్ క్లిప్ చూపుడువేలికి ఉంటే నర్సుని అడిగి రెండో చేతికి మార్పించడం మేలు. పట్టు తక్కువైతే లావుపాటి ఫోమ్ తొడుగు వేసిన స్టైలస్ (స్క్రీన్ మీద వాడే పెన్ను) ఇస్తాం. చెయ్యి వణికితే టాబ్లెట్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో వేలు ఆనించి ఉంచాల్సిన సమయం కొద్దిగా పెంచి, వెంటవెంటనే పడే టచ్‌లని పట్టించుకోకుండా పెట్టాలి.

యాప్‌లో పీహెచ్‌క్యూ-9 కూడా ఉంది, అంటే డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల పట్టిక, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 మార్కులు. దాన్ని మాత్రం పేషెంటుకి ఒంటరిగా ఇవ్వం. 9వ ప్రశ్న చనిపోవాలనో, తనకి తాను హాని చేసుకోవాలనో వచ్చే ఆలోచనల గురించి. రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు 'దాదాపు ప్రతిరోజూ' అని నొక్కితే, యాప్ స్కోరులో 3 కలిపి ఊరుకుంటుంది. డ్యూటీలో ఉన్నవాళ్లకి కబురే అందదు. పైగా నిద్ర, ఆకలి, అలసట ప్రశ్నలకి ఒంటి జబ్బు వల్ల కూడా మార్కులు పడతాయి. అందుకే 27కి ఎంత వచ్చిందో ఒక్కటే చూడకుండా, ఏ ప్రశ్నకి ఎంత వచ్చిందో చూస్తూ పేషెంటుతో మాట్లాడాలి.

పొద్దున్నే ఒక థెరపిస్టు ఒక్కో పేషెంటు దగ్గర పది, పదిహేను నిమిషాలు కూర్చోగలుగుతున్నారు కాబట్టి మేం దీన్ని కొనసాగిస్తున్నాం. థెరపిస్టు రాని సెలవు రోజుల్లో అవే మూడు పనులూ కాగితం మీద రాసిస్తాం. టాబ్లెట్ చేతికిచ్చి వెళ్లిపోక తప్పని వార్డుకైతే, స్ట్రీక్ ఆపుకునే వీలు వచ్చేదాకా ఈ యాప్ వాడమని చెప్పలేను.