ఏడు రోడ్ల కూడలి దగ్గరి పాత పుస్తకాల దుకాణం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఈ పాత పుస్తకాల దుకాణం విప్లవాల చరిత్రకు ఒక అర ప్రత్యేకంగా కేటాయించడం ఎంతో మెచ్చదగినది. 1789 అక్టోబరులో రొట్టె కోసం ఫ్రాన్స్ రాజు ఉండే వెర్సాయి దాకా నడిచిన పారిస్ స్త్రీల గురించీ, 1917లో అదే రొట్టె కోసం నాటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్ వీధుల్లోకి వచ్చిన మిల్లు కార్మికురాళ్ల గురించీ ఇక్కడ పక్కపక్కనే చదువుకోవచ్చు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించిన తరువాత మన ఏజెన్సీలో రగిలిన గిరిజన పోరాటంపై పలచని పుస్తకాలు కొన్ని ఆ అర చివరనే ఉన్నాయి; పట్నపు ఆకలిలో పుట్టిన ఆ రెండు తిరుగుబాట్లకూ, భూమి, పోడు, కూలి కోసం పుట్టిన ఈ పోరాటానికీ గల తేడా వాటిని వరుసగా తిరగేస్తుంటే స్పష్టంగా తెలుస్తుంది. వెలుతురు మాత్రం చాలదు. నేను కొన్న ప్రతిలో పదహారు పుటలు లేవని మర్నాడు చూపగా, యజమాని మారుమాట లేకుండా వేరొకటి ఇచ్చారు.