30 నానోమీటర్ల పాలిస్టైరీన్ పొర: టీజీ కొలవడానికి ఎలిప్సోమీటరా, చిప్ కెలోరీమీటరా?

ముద్దగా ఉన్న పాలిస్టైరీన్ ప్లాస్టిక్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాజు స్థితి వదిలి మెత్తబడుతుంది. సిలికాన్ పలక మీద 40 నానోమీటర్ల కన్నా పలచగా పరిస్తే ఆ ఉష్ణోగ్రత, అంటే టీజీ, పడిపోతుందని 1994లో కెడ్డీ, జోన్స్, కోరీ చూపించారు. 10 నానోమీటర్ల దగ్గర ఈ తగ్గుదల సుమారు 25 డిగ్రీలు.

మామూలు డీఎస్‌సీని, అంటే నమూనాను వేడిచేస్తూ అది పీల్చే వేడిని కొలిచే పరికరాన్ని, ముందే పక్కన పెట్టండి. దానికి కొన్ని మిల్లీగ్రాముల నమూనా కావాలి. 30 నానోమీటర్ల మందంలో చదరపు సెంటీమీటరు పొర తూగేది 3 మైక్రోగ్రాములే. గీకి పోగుచేస్తే, వేడెక్కినకొద్దీ ముక్కలు అతుక్కుని మళ్లీ ముద్దే అవుతుంది.

ఎలిప్సోమీటరు చూసేది మందాన్ని; పొర మీద పడి తిరిగొచ్చిన కాంతి ధ్రువణం ఎలా మారిందో చూసి దాన్ని లెక్కగడుతుంది. 10 డిగ్రీలు మారితే గాజు స్థితిలో ఈ పొర సుమారు 0.06 నానోమీటర్లు, కరుగు స్థితిలో 0.18 మారుతుంది. ఆ రెండు వాలులు కలిసే చోటే టీజీ. తేడా ఇంత చిన్నది కాబట్టి తయారీలో జాగ్రత్త పడాలి. టోలుయీన్ ద్రావణాన్ని పలక మీద వేసి గిర్రున తిప్పి (స్పిన్ చేసి) పరిచిన పొరను వాక్యూమ్‌లో 120 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచండి. మిగిలిపోయిన టోలుయీన్ కూడా టీజీని దించుతుంది, దాన్ని పలచదనం ప్రభావమని పొరబడతాం. కొలత 140 నుంచి 40 డిగ్రీలకు చల్లారుస్తూ, నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున. వేడిచేస్తూ కొలిస్తే పొర పాత చరిత్ర, అంటే అంతకుముందు అది ఎలా చల్లారిందన్నది, అడ్డొస్తుంది. సిలికాన్ వక్రీభవన గుణకాన్ని గది ఉష్ణోగ్రత విలువ దగ్గరే ఆపేస్తే దొంగ వాలు పుడుతుంది. పొర పలచనయ్యేకొద్దీ మలుపు వెడల్పవుతుంది. సరళరేఖలకు తీసుకున్న భాగం పొట్టిదైతే టీజీ కొన్ని డిగ్రీలు అటూఇటూ జరుగుతుంది. చివర్లో మైక్రోస్కోపు కింద చిల్లులున్నాయేమో చూడండి. పొర చిట్లి ఉంటే ఆ కొలత పారేయాల్సిందే.

చిప్ కెలోరీమీటరు అంటే చిన్న చిప్ మీదే వేడిని కొలిచే పరికరం; దానికి నానోగ్రాములు చాలు, ఉష్ణధారితను సూటిగా ఇస్తుంది. కానీ అది సాధారణంగా సెకనుకు వందల డిగ్రీల వేగంతో నడుస్తుంది. వేగం పెరిగితే పాలిస్టైరీన్ టీజీ పైకి జరుగుతుంది, పలచదనం వల్ల వచ్చే తగ్గుదల కూడా మాయమవుతుంది: నిమిషానికి 90 డిగ్రీలు దాటితే చాలు, అది కనబడదని ఫఖ్రాయి, ఫారెస్ట్ 2005లో చెప్పారు. అందుకే ఈ రెండు పరికరాల అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు.

సిలికాన్ మీది పొరకు, నెమ్మదిగా చల్లార్చినప్పటి టీజీ కావాలంటే ఎలిప్సోమీటరే మేలు. చల్లార్చే వేగమే మీ ప్రశ్న అయితే చిప్. పొర లోపల ఏ అరలో ఎంత అన్నది తేల్చాలంటే రెండూ చాలవు, ఆ అరలో పైరీన్ అనే వెలుగునిచ్చే అణువును తగిలించిన పాలిమర్ పెట్టి ఫ్లోరోసెన్స్ చూడాలి. ఏది వాడినా ప్రతి విడతలోనూ 200 నానోమీటర్ల పొరనొకదాన్ని కలిపి కొలవండి; అది 100 డిగ్రీల దగ్గర రాకపోతే ముందు స్టేజి (నమూనా పెట్టే పీఠం) థర్మామీటరును అనుమానించాలి.