బాండ్ తెరపై ఆసియా: 1967, 1997

జేమ్స్ బాండ్ చిత్రం 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' (1967)ను చాలావరకు జపాన్‌లోనే తీశారు, ముఖ్యమైన జపాన్ పాత్రలకు అక్కడి నటులనే తీసుకున్నారు. అయినా గూఢచారి దళాధిపతి టైగర్ తనాకాగా నటించిన తెత్సురో తంబా గొంతు వినిపించదు. డబ్బింగ్ రాబర్ట్ రియెట్టీది. పైగా బాండ్‌గా నటించిన షాన్ కానరీకి విగ్గు, కళ్లకు మేకప్ వేసి జపాన్ జాలరిగా చూపించారు. ఎంత అన్యాయం!

'టుమారో నెవర్ డైస్' (1997)లో మలేసియా నటి మిషెల్ యో చైనా ఏజెంట్ వై లిన్. గొంతు ఆమెదే, ఫైట్లలో చాలావరకు ఆమే. సైకిల్ దుకాణంలో దాచిన స్థావరం, ఆయుధాలు, సొంత లక్ష్యం ఉన్నాయి. లోపం లేకపోలేదు: వియత్నాం అనుమతి వెనక్కి తీసుకోవడంతో సైగాన్ దృశ్యాలను బ్యాంకాక్‌లో తీశారు. అంతకంటే బాధపెట్టేది, అంత సమర్థురాలిని చివర్లో గొలుసులతో నీళ్లలోకి దించి బాండ్ చేత కాపాడించడం.