ఒకే జీవితం, మూడు ఆత్మకథలు: డగ్లస్‌ని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి, ఆ దేశంలోనే పేరుమోసిన వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ తన కథను ఒక్కసారి రాసి ఊరుకోలేదు. 1845లో ఒక పుస్తకం, 1855లో ఒకటి, 1881లో ఇంకొకటి రాశాడు. ఆ మూడోదాన్ని 1892లో మరింత పెంచాడు. "డగ్లస్ ఆత్మకథ" కొందామని చూస్తే ఈ మూడూ కనిపిస్తాయి. లావుపాటిదే పూర్తి పుస్తకం కదా అని దాంతో మొదలుపెడితే మాత్రం దెబ్బతింటారు.

మొదలుపెట్టాల్సింది 1845 నాటి 'నేరేటివ్'తోనే. తొలి ముద్రణ దాదాపు 125 పేజీలు, పదకొండు అధ్యాయాలు. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తన పుట్టినరోజేదో తనకు తెలీదన్న మాట మొదటి పేజీలోనే వస్తుంది. పగలంతా పొలంలో పనిచేసిన తల్లి రాత్రిపూట పన్నెండు మైళ్లు నడిచి వచ్చి, బిడ్డ పక్కన పడుకుని, వాడు లేచేసరికి వెళ్లిపోయేది. అలా ఆమెను చూసింది నాలుగైదు సార్లే. దీన్ని అతను ఎక్కడా గొంతు పెంచకుండా చెబుతాడు, అందుకే చదువుతుంటే గుండె పట్టేసినట్టవుతుంది.

ఈ పుస్తకంలో మళ్లీ మళ్లీ చదవాలనిపించేది అక్షరాలు నేర్చుకున్న భాగం. యజమాని భార్య ఓనమాలు మొదలుపెట్టింది, యజమాని మాన్పించాడు. అక్కడినుంచి పిల్లాడి యుక్తి చూడాలి. ఓడలు కట్టేచోట వడ్రంగులు దుంగను చెక్కి, అది ఓడలో ఏ వైపుకో దానిమీదే రాసేవాళ్లు. ఎడమవైపుదైతే (లార్‌బోర్డ్) 'ఎల్', కుడివైపుదైతే (స్టార్‌బోర్డ్) 'ఎస్', ఎడమవైపు ముందుభాగానిదైతే 'ఎల్.ఎఫ్.' అవి చూసి నేర్చుకున్నాడు. రాయడం వచ్చిన కుర్రాడు కనిపిస్తే చాలు, "నీకంటే నాకే బాగా వచ్చు" అని పందెం వేసి ఆ అక్షరాలు రాసి చూపించేవాడు. అవతలివాడు ఊరుకోడు కదా, తనకు వచ్చినవన్నీ రాసేవాడు. అలా కొత్త అక్షరాలు దొరికేవి. చెక్క దడి, ఇటుక గోడ, బాట అతని నోటుపుస్తకాలు. సుద్దముక్కే కలం.

ఇంత చెప్పిన మనిషి పారిపోయిన తీరు మాత్రం చెప్పడు. పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి ఎలా తప్పించుకున్నాడా అని ఆత్రంగా పేజీ తిప్పుతాం, అక్కడ ఖాళీ. ఇది రచనలో లోపం కాదు. చెబితే సాయం చేసినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది, వెనకాల వచ్చేవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. అప్పటికి చట్టం దృష్టిలో తనూ ఇంకా బానిసే. యజమానుల అసలు పేర్లతో పుస్తకం వేశాక, పట్టుకుపోతారన్న భయంతో అదే ఏడాది బ్రిటన్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి మిత్రులు డబ్బు పోగుచేసి 1846లో అతన్ని కొని విడిపించారు.

1855 నాటి 'మై బాండేజ్ అండ్ మై ఫ్రీడమ్' దీనికి మూడు రెట్లు పైనే, దాదాపు 460 పేజీలు. నా లెక్కలో మూడిట్లోకీ మంచి రచన ఇదే. కానీ మొదట చదవాల్సింది కాదు, మొదటిదాని పక్కన పెట్టుకుని చదవాల్సింది. 1845లో దాదాపు కనబడని అమ్మమ్మ గుడిసె, వలలు అల్లే ఆమె చేతులు, ఆమె అతన్ని యజమాని ఇంట వదిలివెళ్లిన రోజు ఇక్కడ వివరంగా వస్తాయి. బానిసలను కొట్టి లొంగదీస్తాడని పేరున్న కోవీ అనే రైతుతో జరిగిన కొట్లాట రెండు పుస్తకాల్లోనూ ఉంది. మొదటిదాంట్లో లేని కెరొలిన్ రెండోదాంట్లో ప్రత్యక్షమవుతుంది. కోవీ సొంత బానిస ఆమె. ఇతన్ని పట్టుకోమని యజమాని అరిచినా కదల్లేదు. మొదటిసారి ఆమె మాటే ఎత్తని మనిషి పదేళ్లకు ఆమెను గుర్తుచేసుకోవడం నాకు ఆ కొట్లాటకన్నా పెద్ద విషయంగా తోచింది. వేదికలెక్కిన కొత్తలో తెల్లమిత్రులు "నువ్వు జరిగింది చెప్పు, తత్వం మేం చూసుకుంటాం" అన్న సంగతీ ఇందులోనే ఉంది. రెండో పుస్తకం ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

మూడోదైన 'లైఫ్ అండ్ టైమ్స్' మొత్తం చదవమని చెప్పను. పదవులు, సభలు, ప్రయాణాల భాగం బరువుగా సాగుతుంది. అయినా రెండు అధ్యాయాలు వదలకూడదు. ఒకటి రెండో భాగం మొదట్లో ఉంది. బానిసత్వం రద్దయింది కాబట్టి ఇక దాచాల్సిన పనిలేదు. 1838 సెప్టెంబర్ 3న నావికుడి వేషంలో, బానిస కాదని చూపే నావికుడి కాగితం ఒకటి అరువు తెచ్చుకుని రైలెక్కాడు. టికెట్ కిటికీ దగ్గర కాగితం నిదానంగా చూస్తారని, బండి కదిలాక ఎక్కాడు. ఆ కాగితంలోని మనిషి ఇతనికన్నా బాగా నలుపు. కండక్టర్ దానిమీది గద్ద బొమ్మ (అమెరికా ప్రభుత్వ చిహ్నం) చూసి ముందుకెళ్లిపోయాడు.

రెండోది, చావుబతుకుల్లో ఉన్న పాత యజమాని థామస్ ఆల్డ్‌ని 1877లో కలిసిన అధ్యాయం. ముసలి అమ్మమ్మను ఆల్డ్ అన్యాయంగా వదిలేశాడని మొదటి పుస్తకంలో రాసినది పొరపాటని డగ్లస్ అతని ముందే ఒప్పుకున్నాడు. 'నేరేటివ్' ఒక్కటే చదివి ఆపేస్తే ఆ పొరపాటు మన బుర్రలో నిజంగానే ఉండిపోతుంది.

మూడిట్లోనూ తీరని వెలితి భార్య అన్నా మరే. 44 ఏళ్లు కలిసి బతికిన మనిషికి చాలా తక్కువ చోటిచ్చాడు. ఆమె తను దాచుకున్న జీతం డబ్బు అతనికోసం ఖర్చుపెట్టిందని తెలియాలంటే, కూతురు రొజెటా తల్లి గురించి రాసిన చిన్న పుస్తకం చూడాల్సిందే. ఇన్ని వివరాలు గుర్తున్నవాడికి ఇది గుర్తులేక కాదు కదా అని కోపం వస్తుంది.

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, లిబ్రివాక్స్‌లో వినొచ్చు. కొనేటట్టయితే 'నేరేటివ్'లో బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు గారిసన్ ముందుమాట, చివర మతం గురించిన అనుబంధం ఉన్నాయో లేదో చూసుకోండి. ముందుమాటను చివరికి ఉంచండి, అందులోని పొగడ్త కథకు అడ్డొస్తుంది. 'లైఫ్ అండ్ టైమ్స్' 1881దా, 1892దా అన్నది కూడా అట్ట మీద కాక లోపలి పేజీలో చూడాలి. హైతీలో అమెరికా రాయబారిగా పనిచేసిన రోజులు 1892 దాంట్లోనే ఉంటాయి.